మిర్చి కోల్డు స్టోరేజీలో ఉత్తర ధ్రువం

నేను ఫిజిక్స్ చెప్పిన ఇంజనీరింగ్ కాలేజీ గుంటూరుకీ చిలకలూరిపేటకీ మధ్య, హైవే పక్కన పత్తి చేలల్లో ఉండేది. రెండువేల సంవత్సరం దాటాక మా వైపు పత్తి మిల్లులున్నవాళ్ళు, పొగాకు ఆరబెట్టే బేరన్లున్నవాళ్ళు, మిర్చి ఎగుమతి చేసేవాళ్ళు ఒకరిని చూసి ఒకరు ఇంజనీరింగ్ కాలేజీలు పెట్టారు. మా చైర్మన్ గారిది మిర్చి. ఆయనకు కొన్ని కోల్డు స్టోరేజీలు, ఒక కాలేజీ ఉండేవి. అన్నిటికీ ఒకే ఎరుపు రంగు వేయించారు. కాలేజీ బస్సు వెనక అద్దం మీద సరస్వతీదేవి బొమ్మ, ఆవిడ పక్కనే ఆయన వ్యాపారం గుర్తు అయిన మిరపకాయ ఉండేవి. కొత్తగా చేరిన పిల్లలు ఆ మిరపకాయ అమ్మవారి ఆయుధం అనుకునేవాళ్ళు.

ఇంజనీరింగ్ కాలేజీలో ఫిజిక్స్ లెక్చరర్‌ని పిల్లలు మొదటి సంవత్సరం భరిస్తారు, రెండో సంవత్సరం మరిచిపోతారు. నాకు దాని గురించి పెద్ద దిగులేమీ లేదు. మా నాన్న మిషన్ స్కూల్లో టీచరు. మా పల్లెలో ఎమ్మెస్సీ చదివిన మొదటి ఆడపిల్లని నేనే. మా అమ్మ చెల్లెలు, అంటే మా పిన్ని, ఇదే చైర్మన్ గారి కోల్డు స్టోరేజీ ముందున్న యార్డులో కూర్చుని మిరపకాయలకు తొడిమలు తీసేది. ఇద్దరికీ యజమాని ఒక్కడే. ఆవిడ ఎండలో, నేను ఫ్యాను కింద.

ఒకరోజు ప్రిన్సిపాల్ గారు నన్ను గదికి పిలిచారు. ఆయన ప్రభుత్వ పాలిటెక్నిక్‌లో రిటైరై మా దగ్గర చేరిన మనిషి. ఎదుటివాళ్ళు మాట్లాడుతుంటే కళ్ళు మూసుకుని వినేవారు. నిద్రపోతున్నారని అందరూ అనేవాళ్ళు, నిజంగానే నిద్రపోయేవారు.

"గుర్తింపు కమిటీ వాళ్ళు వస్తారమ్మా. పరిశోధన ఏం చేస్తున్నారు అని అడుగుతారు. మనం ఏం చేస్తున్నాం?" అన్నారు.

"ఏమీ చెయ్యట్లేదండి."

"అందుకే ఒకటి తెచ్చాను."

ఆయనతో చదువుకున్న ఒకాయన పడమటి తీరంలో ఏదో ప్రభుత్వ పరిశోధనశాలలో సైంటిస్టు. వాళ్ళు ఏటా ఉత్తర ధ్రువం వైపు వెళ్ళి అక్కడి సముద్రం మీద తేలే మంచునీ, చలినీ కొలిచి వస్తారు. కొత్తగా ఒక పరికరం చేయించారు. దాన్ని అక్కడికి తీసుకెళ్ళే ముందు కొన్ని వారాలపాటు చలిలో పెట్టి చూడాలి. వాళ్ళ చలిగది రిపేరులో ఉంది. ఫోనులో ఈ మాట వినగానే మా ప్రిన్సిపాల్ గారు కళ్ళు తెరిచి, "మా దగ్గర అంతర్జాతీయ స్థాయి కోల్డ్ ఫెసిలిటీ ఉంది" అని చెప్పేశారట.

పరికరమంటే పొడుగాటి నల్ల వైరు. దాని పొడుగునా జానెడు దూరానికొకటి చొప్పున మిరియపు గింజంత సెన్సర్లు. తేలే మంచుకు నిలువునా రంధ్రం చేసి ఈ వైరు దించుతారు. పై గింజలు గాలిలో, నడిమివి మంచులో, అడుగువి సముద్రపు నీళ్ళలో ఉంటాయి. ఒక్కో గింజ తన దగ్గర ఎంత చలి ఉందో చెబుతుంది. గాలి పూటకో రకంగా ఉంటుంది, మంచు మెల్లగా మారుతుంది, కింద నీళ్ళు దాదాపు కదలవు. ఆ తేడాలు చూసి మంచు ఎంత మందం ఉందో, వేసవిలో పైనుంచి ఎంత కరిగిందో, అడుగునుంచి ఎంత కరిగిందో ఇంట్లో కూర్చుని చెప్పొచ్చు. ఉపగ్రహాలు పైనుంచి చూసి మంచు ఎంత మేర పరుచుకుందో బాగా చెబుతాయిగానీ ఎంత లోతుందో అంత బాగా చెప్పలేవు. అందుకు ఈ వైరు.

ఇదంతా నేను చైర్మన్ గారికి వివరించాను. ఆయన శ్రద్ధగా విన్నారు.

"ఉత్తర ధ్రువం ఎవరి కింద ఉందమ్మా?"

"ఎవరి కిందా లేదండి. అక్కడంతా సముద్రం."

"అయితే పర్మిషన్ల గొడవ లేదు. ఇంతకీ వాళ్ళకి కావాల్సింది చలేగా. మన దగ్గర చలికి లోటేముంది. పాత కోల్డులో చివరి గది వాడుకోండి. కానీ టిక్కీలు మాత్రం తీయించను."

టిక్కీ అంటే మా వైపు మిర్చి బస్తా. ఆ విధంగా మా ఉత్తర ధ్రువంలో నేల నుంచి కప్పుదాకా మిర్చి బస్తాలు ఉండటం ఖాయమైంది.

పరికరం రాకముందే కాలేజీ గేటు మీద ఫ్లెక్సీ వచ్చింది. ఫ్లెక్సీలు అప్పుడప్పుడే ఊళ్ళ మీద పడుతున్న కాలం. చైర్మన్ గారు తెల్ల చొక్కాలో నమస్కారం పెడుతున్నారు. ఆయన వెనక మంచుకొండలు. ఆయన చుట్టూ ఓ డజను పెంగ్విన్లు. "ఉత్తర ధ్రువాన మన కళాశాల కీర్తి పతాక" అని పెద్ద అక్షరాలు.

నేను ప్రిన్సిపాల్ గారి దగ్గరికి వెళ్ళి, "సార్, పెంగ్విన్లు దక్షిణ ధ్రువం వైపు ఉంటాయి. ఉత్తరాన ఉండవు" అన్నాను.

"ఆ సంగతి ఎంతమందికి తెలుసమ్మా?"

"పదో తరగతి పిల్లలకి తెలుసండి."

"పదో తరగతి పిల్లలు మన కాలేజీలో చేరరు కదా. ఇంటర్ అయ్యేసరికి మరిచిపోతారు," అని కళ్ళు మూసుకున్నారు. పెంగ్విన్లు వానకు వెలిసిపోయేదాకా గేటు మీదే ఉన్నాయి.

ఏప్రిల్లో వైరు వచ్చింది. అప్పుడు తెలిసింది అసలు ఇబ్బంది. మిర్చికి కావలసిన చలి వేరు, ధ్రువానికి కావలసిన చలి వేరు. కోల్డు స్టోరేజీలో గది సున్నాకి పైనే ఉంటుంది. నీళ్ళు కూడా గడ్డకట్టవు. చైర్మన్ గారు "ఇంకొంచెం తిప్పండి" అన్నారు, అదేదో ఫ్యాను రెగ్యులేటరు అయినట్టు. చివరికి నేను ఐస్‌ఫ్రూట్ బండివాళ్ళ పద్ధతి పట్టుకున్నాను. గది మధ్యలో నిలువుగా ఒక పీపా పెట్టి, సముద్రమంత ఉప్పగా ఉండేట్టు నీళ్ళు కలిపి పోశాం. వైరు అందులో వేలాడదీశాం. పీపా చుట్టూ పెద్ద తొట్టి కట్టించి, ఐసు ఫ్యాక్టరీ నుంచి దిమ్మలు తెచ్చి పగలగొట్టి, చినగంజాం ఉప్పు మడుల నుంచి తెప్పించిన కల్లుప్పుతో కలిపి దట్టించాం. ఐసుకు ఉప్పు తగిలితే చలి సున్నాకి చాలా కిందకి దిగుతుంది. కొద్ది రోజులకి పీపాలో నీళ్ళు పైన పెళుసుగా, బూడిద రంగులో, పేరుకున్న నెయ్యిలా గడ్డకట్టాయి. నేను చలికి వణుకుతూ దాన్ని వేలితో తట్టి చూశాను. మా జిల్లాలో సముద్రపు మంచు పుట్టడం అదే మొదటిసారి అయి ఉండాలి. నా పక్కన దాన్ని చూసి సంతోషించడానికి మిర్చి బస్తాలు తప్ప ఎవరూ లేరు.

ఆ గదిలో రెండు బాధలు. ఒకటి చలి, రెండోది ఘాటు. లోపలికి అడుగు పెట్టగానే తుమ్ములు మొదలయ్యేవి. ముక్కు కారేది, కారింది చల్లబడేది. మా ఊళ్ళో స్వెటర్ ఉన్న మనిషి లేడు. మా నాన్న క్రిస్మస్ నెలలో తెల్లవారుజాము ప్రార్థనలకు వేసుకునే పాత కోటు, మంకీ క్యాప్ తెచ్చుకున్నాను. బయట ఎండ మాడ్చేస్తుంటే ఆ వేషంలో కోల్డు స్టోరేజీలోంచి బయటికొచ్చేదాన్ని.

మొదటిరోజు యార్డులో ఆడవాళ్ళు నన్ను చూసి పని ఆపేశారు. పరదా పట్టాలు కట్టిన నీడ, అదీ చిల్లులు పడింది. దాని కింద ఎర్రటి గుట్టల ముందు ముక్కుకి కొంగు కట్టుకుని కూర్చునేవాళ్ళు. వాళ్ళలోంచి మా పిన్ని లేచి వచ్చింది.

"ఏందే ఆ టోపీ? జ్వరం వచ్చిందా?"

"లోపల చలి పిన్నీ. మంచు కొలుస్తున్నాం."

"కోల్డులో ఉండేది కాయలుగా. మంచెక్కడిది?"

"ఉత్తర ధ్రువంలో సముద్రం మీద ఉండే మంచు లాంటిది చేశాం. అక్కడ ఎండాకాలంలో ఎంత కరుగుతుందో కొలవడానికి ఒక వైరుంది. అది పనిచేస్తుందో లేదో ముందు ఇక్కడ చూస్తున్నాం."

"అక్కడ కూడా ఎండాకాలం ఉంటదా?"

"ఉంటుంది. ఆర్నెల్లపాటు పొద్దే గూకదు."

వెనక నుంచి ఒకామె అంది: "పొద్దు గూకకపోతే ఇంక మేస్త్రి ఇంటికి పోనిస్తాడా."

అందరూ నవ్వారు. యార్డు మేస్త్రి కూడా నవ్వి, నవ్వుతూనే "కానీండి, కానీండి" అన్నాడు.

నెల గడిచింది. వైరు బాగానే పనిచేస్తోంది. కంప్యూటర్లో గీతలు తిన్నగా, క్రమశిక్షణగా నడుస్తున్నాయి. లోకల్ కేబుల్ చానల్ వాళ్ళు వచ్చారు. చైర్మన్ గారు సూటు వేసుకుని పీపా పక్కన నిలబడి, "ఉత్తర ధ్రువంలో మంచు కరిగిపోతోంది. దాన్ని కాపాడే బాధ్యత మన కళాశాల తీసుకుంది" అన్నారు. రెండో వాక్యం మొదలుపెట్టేలోపు తుమ్ములు పట్టుకున్నాయి. చానల్ వాళ్ళు తుమ్ములు తీసేసి, ఆ చోట సంగీతం పెట్టారు. ఆ వార్త చూసిన మా బంధువులు కొందరు, ఆయన మంచును చూసి కన్నీళ్ళు పెట్టుకున్నారని మెచ్చుకున్నారు.

రోహిణి కార్తె వచ్చింది. ఆ ఏడు ఎండ మామూలుగా లేదు. తారు రోడ్డు మీద నడిస్తే చెప్పు అతుక్కుని వదిలేది. మధ్యాహ్నం గాలి వీస్తే పొయ్యి మూతి ముందు నిలబడినట్టుండేది. కాలేజీకి సెలవులిచ్చారు. కోర్టులకు సెలవులు. యార్డుకు సెలవు లేదు, ఎందుకంటే వానలు పడేలోపు కాయంతా తొడిమ తీసి లోపలికి చేర్చాలి.

ఒక మధ్యాహ్నం నేను లోపల రీడింగులు చూసుకుని బయటి గదిలోకి వచ్చాను. కోల్డు స్టోరేజీకి రెండు తలుపులుంటాయి. బయటి తలుపుకీ లోపలి తలుపుకీ మధ్య ఒక వసారా లాంటి గది, బయటి వేడి ఒక్కసారిగా లోపలికి పోకుండా. అక్కడ నిలబడి కోటు విప్పుతుంటే ఎవరో బయటి తలుపు బాదారు.

"మేడంగారూ, మీ పిన్ని పడిపోయింది."

పరుగెత్తాను. పిన్ని మిరపకాయల గుట్ట మీదికి ఒరిగి ఉంది. ఒళ్ళు ముట్టుకుంటే కాలుతోంది. చెమట చుక్క లేదు. కళ్ళు తెరిచే ఉన్నాయిగానీ నన్ను చూడట్లేదు, ఎవరినో పేరు పెట్టి పిలుస్తోంది. పొద్దున్నుంచీ ఏదో ఒకటి తిక్కగా మాట్లాడుతోందట. ఎప్పుడూ అంతేగా అని ఎవరూ పట్టించుకోలేదట. మేస్త్రి ఉల్లిపాయ తెమ్మని ఎవరినో పంపించి, చేతులు నలుపుకుంటున్నాడు.

"ఎత్తండి, లోపలికి తీసుకెళ్దాం," అన్నాను.

నలుగురు ఆడవాళ్ళు ఎత్తారు. తలుపు దగ్గర వాచ్‌మన్ అడ్డం వచ్చాడు.

"మేడం, తలుపులు తీసి పెట్టొద్దన్నారు చైర్మన్ గారు. టెస్టు చెడిపోద్దంట."

"ఆ టెస్టు నాదే. తియ్యి."

"పోనీ ఒక్కావిడనే తీసుకెళ్ళండి. వీళ్ళంతా ఎందుకు?"

వెనక్కి తిరిగి చూస్తే యార్డు యార్డంతా మా వెనకే ఉంది. అందరూ వాచ్‌మన్‌ని దాటుకుని వచ్చేశారు. అతను కాసేపు ఎండలో నిలబడి, తర్వాత తనూ లోపలికొచ్చాడు.

వసారా గది చాలలేదు. లోపలి తలుపు కూడా తెరవాల్సి వచ్చింది. పిన్నిని గోనెపట్టాల మీద పడుకోబెట్టి, తొట్టిలోంచి ఐసు ముక్కలు దోసిళ్ళతో తెచ్చి మెడ దగ్గర, చంకల్లో పెట్టాం. ఒకామె తన కొంగు తడిపి ముఖం తుడుస్తోంది. మిగతావాళ్ళు బస్తాలకు ఆనుకుని కూర్చున్నారు. ఏళ్ళ తరబడి ఈ గదికి కాయలు పంపినవాళ్ళే, ఒక్కరూ ఎప్పుడూ లోపలికి రాలేదు. ఒకామె మోచేతులు చల్లటి గోడకి ఆనించి కళ్ళు మూసుకుంది. ఇంకొకామె చీర కుచ్చిళ్ళు కొంచెం ఎత్తి పాదాలు నేలకు ఆనించి అలాగే ఉండిపోయింది. కాయ తీసి తీసి వాళ్ళ వేళ్ళు ఎప్పుడూ మండుతుంటాయి. కొందరు ఆ వేళ్ళు ఐసులో పెట్టుకున్నారు.

నేను మాత్రం పిన్ని ముఖం తప్ప ఏమీ చూడలేకపోయాను. చిన్నప్పుడు అమ్మకి ఒంట్లో బాగోకపోతే నాకు జడలు వేసింది ఈ మనిషే. ప్రార్థన చేయాలని తోచిందిగానీ మాటలు రాలేదు. వెనకాల ఒక ముసలామె ఆ పని మొదలుపెట్టింది, మధ్యలో తుమ్ముకుంటూ.

కొంతసేపటికి పిన్ని నాలుకతో పెదాలు తడుపుకుంది. ముఖం చిట్లించింది.

"ఇదేం మంచే, ఉప్పగా ఉంది."

నేను ఏడ్చాను. మిగతావాళ్ళు నవ్వారు.

అంబులెన్సు వచ్చింది. ఆస్పత్రిలో సెలైన్ పెట్టారు. డాక్టరు కుర్చీలో వెనక్కి వాలి నాతో చాలా స్నేహంగా మాట్లాడాడు.

"వడదెబ్బ అని రాయమంటారా మేడం? రాస్తే పైనుంచి ఎంక్వయిరీలు. బతికారు కదా, నీరసం అని రాసేద్దాం."

"చనిపోయి ఉంటే ఏం రాసేవారండి?"

"పెద్ద వయసు కదా. గుండె అని రాస్తాం."

పిన్నికి అప్పటికి యాభై కూడా లేవు. ఆ వేసవంతా ఆ ఆస్పత్రి కాగితాల్లో ఎండ ఎవరినీ ఏమీ చేయలేదు.

మర్నాడు కంప్యూటర్లో చూస్తే, అన్నాళ్ళూ తిన్నగా నడిచిన గీతలన్నీ ఒకచోట లేచి మూపురంలా అయ్యాయి. గాలిలో ఉన్న గింజలు ముందు వేడెక్కాయి. తర్వాత మంచు పైభాగం, చాలా తర్వాత అడుగు. మంచు పైనుంచి కొంత, అంచుల నుంచి కొంత కరిగి, తలుపులు మూశాక మళ్ళీ మెల్లగా గడ్డకట్టింది.

ప్రిన్సిపాల్ గారు ఆ మూపురం మీద వేలు పెట్టారు. "ఇదేంటమ్మా?"

జరిగింది చెప్పాను. ఆయన ఈసారి కళ్ళు మూసుకోలేదు. నన్ను చైర్మన్ గారి దగ్గరికి తీసుకెళ్ళారు. చైర్మన్ గారు కోపిష్టి కాదు. బాధపడ్డారు.

"అంతమంది మనుషులు కూర్చుంటే టిక్కీలకు చెమ్మ పట్టదా అమ్మా? మనుషుల చెమట మిర్చికి మంచిది కాదు."

"వాళ్ళకి చెమట అప్పటికే అయిపోయిందండి," అన్నాను.

ఆయనకు అది సమాధానంలా తోచింది. తల ఊపారు.

జూన్లో సైంటిస్టు గారు పరికరం తీసుకెళ్ళడానికి వచ్చారు. సన్నగా, పొడుగ్గా, మెల్లగా మాట్లాడే మనిషి. ఏళ్ళ తరబడి మంచు చూసి చూసి కళ్ళు ఇరుకైనట్టు ఉండేవి. గీతలు చూస్తూ మూపురం దగ్గర ఆగారు. చాలాసేపు చూశారు.

"ఈ కరుగుదల చాలా సహజంగా వచ్చింది. అక్కడ వేసవి మొదలైనప్పుడు ఇలాగే, ముందు పైగింజలు కదులుతాయి. ఎలా చేశారు?"

ప్రిన్సిపాల్ గారు సర్దుకుని కూర్చున్నారు. "కంట్రోల్డ్ సమ్మర్ సిమ్యులేషన్ అండి. మా డిపార్ట్‌మెంట్ రూపొందించిన పద్ధతి."

"ఏం చేశారు, హీటర్లు పెట్టారా?" ఆయన నన్ను అడిగారు.

"తలుపులు తీశామండి. యార్డులో ఆడవాళ్ళందరూ లోపలికొచ్చి కూర్చున్నారు. ఒకావిడకి వడదెబ్బ తగిలింది."

ప్రిన్సిపాల్ గారు టీ కప్పుల వైపు చూశారు. సైంటిస్టు గారు అడిగారు:

"అప్పుడు బయట ఎంత ఉంది?"

మేము ఒకరి ముఖం ఒకరం చూసుకున్నాం. లోపల పీపాలో జానెడు జానెడుకీ ఎంత చలి ఉందో దశాంశాలతో చెప్పగలం. యార్డులో ఎంత వేడి ఉందో మాలో ఎవరికీ తెలియదు. నాకూ తెలియదు. అక్కడ ఒక థర్మామీటరు మేకుకి తగిలించాలన్న ఆలోచన ఎవరికీ రాలేదు.

"బయటిది ప్రాజెక్టు పరిధిలోకి రాదండి," అన్నారు ప్రిన్సిపాల్ గారు.

సైంటిస్టు గారు తల ఊపి, వైరు చుట్టుకుంటూ, "ఆవిడ ఎలా ఉన్నారిప్పుడు?" అని అడిగారు. మా ఆఫీసు గదుల్లో ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆయనే. బాగుందని చెప్పాను. ఆయన పంపించిన రిపోర్టులో మాత్రం మా మూపురం "కంట్రోల్డ్ సమ్మర్ సిమ్యులేషన్" అనే ఉంది. గుర్తింపు కమిటీకి అది బాగా నచ్చింది. గుర్తింపు వచ్చింది. నాకు శాలువా కప్పారు.

మరుసటి వసంతంలో ఆ వైరు నిజంగానే ఉత్తరానికి వెళ్ళి మంచులో దిగింది. సైంటిస్టు గారు వెళ్ళేటప్పుడు ఇచ్చిన మాట నిలబెట్టుకుని రీడింగులు మాకూ మెయిల్లో పంపించే ఏర్పాటు చేశారు. పొద్దున్నే ల్యాబుకు వచ్చి, కరెంటు ఉంటే, ముందు అవే చూసుకునేదాన్ని. నేను ఎన్నడూ చూడని, చూడబోని చోటు. కానీ ఆ గింజలన్నీ నాకు తెలుసు. ఫలానా గింజ మా పీపాలో ఎప్పుడూ కొంచెం ఎక్కువ చెప్పేది, అక్కడా అంతే చెప్పేది.

ఈ సంగతి తెలిసి చైర్మన్ గారు గేటు దగ్గర ఎర్ర అంకెలు వెలిగే బోర్డు పెట్టించారు. "నేటి ఉత్తర ధ్రువ ఉష్ణోగ్రత." అడ్మిషన్ల సమయం. షామియానా కింద తల్లిదండ్రులు విసనకర్రల్లా ఫైళ్ళు ఊపుకుంటూ ఆ బోర్డు కేసి చూసేవాళ్ళు. పర్చూరు నుంచి వచ్చిన ఒకాయన తన పక్కాయన్ని అడగటం విన్నాను.

"ఏరా, మైనస్ రెండంటే ఈ కాలేజీ ర్యాంకా?"

"ర్యాంకు మైనస్‌లో ఉండదురా."

"మరి ఫీజు తగ్గింపేమో కనుక్కో."

బోర్డు రాసిన పెయింటరు ఒక చిన్న పని చేశాడు. ధ్రువం అంటే ఎప్పుడూ మైనస్సే కదా అని, అంకెల ముందు మైనస్ గుర్తును రంగుతో శాశ్వతంగా వేసేశాడు. జులై వచ్చేసరికి అక్కడ గాలి సున్నా దాటింది. అక్కడ సున్నాకి పైన రెండు డిగ్రీలుంటే మా గేటు దగ్గర సున్నాకి కింద రెండు డిగ్రీలని వెలిగేది. వెళ్ళి చెప్పాను.

"ఆ మైనస్ చెరిపించండి సార్. అక్కడ మంచు కరుగుతోంది."

చైర్మన్ గారు కిటికీలోంచి బోర్డు వైపు చూశారు. "చెరిపిస్తే ఏమవుద్దమ్మా? ప్లస్సు చూపిస్తే జనం నమ్మరు. ధ్రువం అన్నాక చలి ఉండాలి."

దాంతో ఆ వేసవంతా అక్కడ ఎంత వేడెక్కితే మా గేటు దగ్గర అంత చలి పెరిగింది. నా కంప్యూటర్లో మాత్రం గింజలు ఒకదాని తర్వాత ఒకటి మంచులోంచి బయటికి జారాయి. పైనుంచి కొన్ని గాలిలోకి, అడుగునుంచి కొన్ని నీళ్ళలోకి. ఏ పూట ఏది జారుతుందో ముందే తెలిసేది. ఆపడానికి చేయగలిగింది ఏమీ లేదు. రోజూ స్నానం చేసి, జడ వేసుకుని, బస్సెక్కి వచ్చి అది చూసేదాన్ని. ఒకరోజు గింజలన్నీ ఒకే అంకె చెప్పాయి. అంటే అన్నీ నీళ్ళలోనే ఉన్నాయి. ఆ తర్వాత ఏమీ రాలేదు. మంచు పలక విరిగిపోయిందని, వైరు మునిగిపోయి ఉంటుందని సైంటిస్టు గారు రెండు వాక్యాలు రాశారు.

ప్రిన్సిపాల్ గారికి చెబితే, "మన స్టాకు రిజిస్టర్లో లేదుగా?" అన్నారు. లేదన్నాను. ఊపిరి పీల్చుకున్నారు. బోర్డు మీద చివరి అంకె అలాగే వెలుగుతూ ఉండిపోయింది. దసరా, దీపావళి వెళ్ళిపోయినా ధ్రువం అదే డిగ్రీ మీద నిలబడింది. ఎవరూ గమనించలేదు.

ఇక యార్డు సంగతి. పిన్ని నెలరోజులు ఇంట్లో ఉండి మళ్ళీ పనిలోకి వెళ్ళింది. వద్దన్నాను. "ఇంట్లో కూర్చుంటే రేకుల కింద ఇంకా వేడి," అంది. మధ్యాహ్నం పూట ఆడవాళ్ళని వసారా గదిలో కూర్చోనివ్వమని నేను చైర్మన్ గారిని అడిగాను. చూద్దాం అన్నారు. ఆయన "చూద్దాం" అంటే విషయం అయిపోయినట్టు.

వైరు ఉత్తరాన మంచులో ఉన్న ఆ వేసవిలోనే, ఎండ ముదరగానే, ఆడవాళ్ళు ఎవరినీ అడక్కుండా మధ్యాహ్నం లేచి వెళ్ళి ఆ గదిలో కూర్చోవడం మొదలుపెట్టారు. మేస్త్రి అరిచాడు. అరిచినవాడికి లోపలికి వస్తే తుమ్ములు, బయట నిలబడితే ఎండ. ఒకసారి చల్లటి నేల మీద పాదాలు పెట్టినవాళ్ళని మళ్ళీ పరదా కింద కూర్చోమనడం అతని వల్ల కాలేదు. పని మానిపిద్దామంటే ఆ రోజుల్లో కూలీలు దొరకట్లేదు. తొడిమలు తీసే చేతులు ఏ ఊళ్ళో ఉన్నాయా అని వ్యాపారులే ఆటోలు పంపేవాళ్ళు. చైర్మన్ గారు లెక్క వేసుకుని ఊరుకున్నారు.

ఆ పై ఏడు ఎండాకాలం మొదట్లోనే వసారా గది గుమ్మం మీద కొత్త బోర్డు కనిపించింది. "శ్రామిక మహిళలకు చలువ గది. చైర్మన్ గారి సౌజన్యంతో." కేబుల్ చానల్ వాళ్ళు మళ్ళీ వచ్చారు. చైర్మన్ గారు ఈసారి జాగ్రత్తగా గుమ్మం బయటే నిలబడి, ఉత్తర ధ్రువం మీద చేసిన పరిశోధనల ఫలితమే ఇది అన్నారు. ఆ ఒక్కమాటా అబద్ధం కాదు కాబట్టి నేను నోరు మెదపలేదు.

తర్వాత మైకు మా పిన్ని ముందు పెట్టారు.

"ఎలా ఉందమ్మా ఈ గది?"

"చల్లగా ఉంది."

"చైర్మన్ గారికి ఏమన్నా చెబుతారా?"

పిన్ని ముక్కుకి కట్టుకున్న కొంగు కిందకి లాగి, ఆయన వైపు చూసింది.

"రేపు తాళం వెయ్యొద్దని చెప్పండి," అంది.